ఆరని బొమ్మ

శవం బాల్కనీ కింద, సిమెంటు నేల మీద పడి ఉంది. చొక్కా నిండా రంగులు. కుడిచేతి వేళ్ళ మధ్య ఇంకా సన్నటి బ్రష్.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. పదకొండూ ఇరవై. నాలుగడుగుల దూరంలో స్టాండ్ మీద కెమెరా, మూతి బాల్కనీ వైపు ఎత్తుకుని నిలబడి ఉంది.

"పదీ నలభైకి దూకేశాడు మేడమ్," అన్నాడు డైరెక్టర్. "మతి చలించింది పాపం. పైకి రండి, మీకే తెలుస్తుంది."

ఆ పాడుబడ్డ మేడలో దయ్యాల సినిమా తీస్తున్నారు. ఒకే అమ్మాయి ముఖం గీసి గీసి పిచ్చివాడైపోయే చిత్రకారుడి కథ. సినిమా మొత్తానికీ మనుషులు ముగ్గురే. డైరెక్టరే కెమెరామన్. హీరోయే సామాన్లు మోస్తాడు. బొమ్మలన్నీ వేసింది ఇప్పుడు చచ్చిపడున్నాయన. అందరూ రంగులయ్య అనేవారు.

పైగది గోడకు ఏడు బొమ్మలు వరుసగా తగిలించి ఉన్నాయి. మొదటిదాంట్లో అమ్మాయి హాయిగా నవ్వుతోంది. మూడోదాంట్లో ఆ నవ్వు చెదిరింది. ఐదోదానికి కళ్ళు లేవు. ఏడోది చూడగానే ఇన్‌స్పెక్టర్ ఓ అడుగు వెనక్కి వేసింది. ముఖం ఉండాల్సిన చోట నల్లటి గొయ్యి.

"ఇదే ఆఖరిది," డైరెక్టర్ గొంతు తగ్గించాడు. "రోజురోజుకీ ఎలా అయిపోయాడో చూడండి. సొంత కూతురి ముఖాన్నే!"

ఆ కూతురు గుమ్మంలోనే ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి.

"నాన్న నన్నిలా చూశాడా మేడమ్?" అంది. "పొద్దున నవ్వుకుంటూ టిఫిన్ తిన్నాం. నన్నొదిలేసి ఎలా దూకుతాడు?"

ఆ ప్రశ్న ఇన్‌స్పెక్టర్‌కి ముల్లులా గుచ్చుకుంది.

బాల్కనీలోకి నడిచింది. నడుమెత్తు ఇనుప రెయిలింగ్. గట్టిగా ఊపి చూసింది. ఇసుమంత కూడా కదల్లేదు. అయితే తుప్పు పట్టిన బోల్టుల మీద మాత్రం స్పానర్ గీతలు తళతళలాడుతున్నాయి.

మళ్ళీ గదిలోకి వచ్చి ఏడో బొమ్మను వేలితో తాకింది. ఎండి గట్టిపడిపోయింది. మొదటిదాన్ని తాకింది. వేలికి రంగు అంటింది.

సాయంత్రం నాలుగూ పదికి అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది.

"ఈ షూటింగ్ ఫొటోల్లో మీకు బారెడు గడ్డం ఉంది," అంది హీరోతో. "ఎప్పుడు గీయించారు?"

"మూడు వారాలైంది మేడమ్. అది నిజం గడ్డం. అందుకే పిచ్చి సీన్లన్నీ ముందు షూట్ చేసేశాం. గడ్డం పోయాక కథ మొదటి భాగానికొచ్చాం."

"మరి బొమ్మలు ఏ వరసలో వేయించారు?"

"షూటింగ్ ఎలా నడిస్తే అలా వేసిచ్చేవాడు."

"అంటే ఆ నల్ల గొయ్యి మొదట వేసింది. ఈ నవ్వు ముఖం ఇవాళ వేసింది. అవునా?"

హీరో తలూపాడు. డైరెక్టర్ మాత్రం తొణకలేదు.

"అయితే ఏంటి మేడమ్? నవ్వుతూ దూకేవాళ్ళు లేరా?"

"నా చెవిలో పువ్వులు పెట్టకండి. వీటిని కథ వరసలో తగిలించింది మీరు." మొదటి బొమ్మను వెలుతురులోకి తిప్పింది. బుగ్గ మీద పచ్చిరంగులో తెల్లటి గింజలు అతుక్కుని ఉన్నాయి. "ఇవేంటి?"

ఒక గింజను గోటితో గీకి తీసింది.

"థర్మోకోల్," అంది తనే. "ఇనుప రెయిలింగ్ విప్పి, దాని బదులు థర్మోకోల్‌ది పెట్టారు. ఎందుకు?"

హీరో ఏడ్చేశాడు.

"దూకే షాట్ ఒక్కటి మిగిలింది మేడమ్. వెనక్కి పడేది, కెమెరాకి వీపే కనిపిస్తుంది కాబట్టి గడ్డంతో పనిలేదు. నేను రెయిలింగ్ విరగ్గొట్టుకుని పరుపు మీద పడాలి. పరుపు తేవడానికి వెళ్ళొచ్చేసరికి ఆయన... రంగులయ్యకు చెప్పాలని మాకు తట్టనేలేదు. ఇనుపది మళ్ళీ బిగించింది మేమిద్దరమే."

"ముక్కలు ఏరేశారు. చేతిలోంచి జారిన బొమ్మకి అంటుకున్నవి చూసుకోలేదు." డైరెక్టర్ వైపు తిరిగింది. "అప్పుడు మీరెక్కడున్నారు?"

"కింద. ఫ్రేమ్ చూసుకుంటున్నాను."

"కెమెరా ఆన్‌లో ఉందా?"

డైరెక్టర్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"ఆయన రావడం చూశారు. ఆనుకోబోవడం చూశారు. ఒక్క కేక వేయడానికి నోరు రాలేదా?"

డైరెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. అతని ముఖంలో పశ్చాత్తాపం లాంటిదేదీ లేదు.

"లైట్ అంత బాగా ఎప్పుడూ పడలేదు మేడమ్," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అరచెయ్యి దురద పెట్టింది. తమాయించుకుని ఆ చెయ్యే చాపింది. అతను చొక్కా జేబులోంచి మెమరీ కార్డు తీసి అందులో పెట్టాడు. పొద్దుటినుంచీ గుండెల దగ్గరే దాచుకున్నాడు.

కానిస్టేబుళ్ళు ఇద్దరినీ కిందికి తీసుకెళ్ళారు. గదిలో కూతురు ఒక్కతే మిగిలింది.

"దూకలేదుగా మేడమ్?"

"లేదు తల్లీ. నీ బొమ్మ వెలుతురులో ఎలా ఉందో చూసుకుందామని బయటికి వచ్చాడు. అంతే."

ఆ పిల్ల బొమ్మ దగ్గరికి వెళ్ళి, తన నవ్వును తాకబోయింది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు కాదమ్మా. మీ నాన్న వేసిన రంగు ఇంకా ఆరలేదు."