పసిడికొండ గవనికి రెండు తాళాలు

పసిడికొండ చుట్టూ నలుబది దినాలుగా శత్రువుల గుడారాలు పుట్టగొడుగుల్లా మొలిచి, వారి ఏనుగుల ఘీంకారాలకూ రణభేరీల మోతకూ కొండగుహల్లోని గబ్బిలాలు సైతం పట్టపగలే లేచి తిరుగుతున్నా, ఆ కోట గవని తలుపు మాత్రం వేలెడంత కదలలేదు. దాన్ని కదిలించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. సోమగిరి రాజ్యపు సరిహద్దున ఉన్న పన్నెండు కోటలకూ పూర్వపు మహారాజులు ఒక కట్టడి చేశారు. ప్రతి గవనికీ లోపలివైపు రెండు తాళాలు. ఒకదాని తాళంచెవి ఆ సీమనేలే నాయకుని ఇంట, రెండవది మహారాజు పంపిన ముద్రాధికారి మొలలో. సీమ సీమదే, రాజ్యం రాజుదే అన్న మాటకు ఆ ఇనుమే సాక్ష్యం.

నలుబదొకటవనాడు, శత్రువుల కన్నుగప్పి వచ్చిన వేగులవాడు తెచ్చిన ఆజ్ఞను ముద్రాధికారి మల్లన ప్రెగ్గడ కొలువులో చదివాడు. “కాచమనాయకులు శత్రువుతో మంతనాలాడుచున్నారని వినికిడి గనుక, రెండు తాళంచెవులును మల్లన ప్రెగ్గడ వశము కావలెను. మహారాజుల పేర మహామంత్రి విద్దనామాత్యుల చేవ్రాలు.”

ఆ సీమనేలే కాచమనాయకుడు నవ్వాడు. “రాజధానివారికి వినికిడి బాగా ఎక్కువే ప్రెగ్గడగారూ. మా గంజిలో మెతుకులెన్నో కూడా విన్నారా?”

“తమరు నిన్న పడమటి బురుజు మీంచి శత్రువుతో మాటలాడడం నేను చూశాను.”

“మనవాళ్ల శవాలను దహనానికి ఇమ్మని అడిగాను. అడక్కూడదా?”

మూడేండ్లు ఒకే పంక్తిని భుజించిన ఇద్దరి చేతులూ కత్తిపిడుల మీదికి పోయాయి.

అంతలో కాచమ నాయనమ్మ ముమ్మడాంబ, అమ్మవారి పీట మీదినుంచి తమ ఇంటి తాళంచెవి తీసుకొని వచ్చింది. “రాజాజ్ఞ కదా నాయనా, ఇస్తాను. అయితే ఇది చేయి మారేటప్పుడు పుచ్చుకొనేవారు కుంకుమ ముట్టి ఒక మాట చెప్పడం మా ఇంటి ఆచారం. ‘ఈ తలుపు శత్రువుకు తెరవను’ అను, చాలు.”

మల్లన చేయి చాచాడు. కుంకుమకు జానెడు దూరంలో అది ఆగిపోయింది. నడికట్టులోంచి మరొక కమ్మ తీసి కాచమ ముందు పెట్టాడు. మంత్రి రహస్యంగా వ్రాసినది అది. రెండూ చేజిక్కగానే గవని తెరిచి సంధి చేసుకొనుము, ఒక్క కోట పోయిననేమి, ఈ నాయకుని గతి చూసి తక్కిన పదునొకండు కోటలూ మన చెప్పుచేతల్లో ఉండును, అని.

“ఇది మహారాజు మాటో, మంత్రి మాటో ఎరుగను. తమరి మీది అనుమానంతో ఇంతదాకా మోశాను. అమ్మా, నా తాళంచెవీ తమరే ఉంచుకోండి.”

“వద్దు. రెండూ మా ఇంట ఉంటే ఇలాంటి కమ్మే రేపు నా మనుమడికీ వస్తుంది. వీడు మంచివాడే. వీడి కొడుకు సంగతి నాకేం తెలుసు?”

“నాయనమ్మా, పరాయివారి ఎదుట నన్ను...”

“నిన్నే కాదురా, నన్నూ నమ్మవద్దంటున్నాను.”

మల్లన తానే మహారాజును చూడబోతానన్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం వడగండ్ల వానకు శత్రువులు గుడారాల్లో దూరినవేళ, తన తాళంచెవి మొలను కట్టుకొని ఉత్తరపు గోడ ఎక్కాడు. ఆ తాళంచెవి వెళ్లిపోతే, లోపలివారు ఆకలికి లొంగి తెరవాలన్నా గవని తెరుచుకోదు.

“మేము మలమల మాడి చస్తే?” అన్నాడు కాచమ.

“నన్ను తిట్టుకొంటూ చావండి నాయకా.”

ఆయన దిగిన మోకును కాచమనాయకుడే తన నడుముకు చుట్టుకొని వదిలాడు.

నేల ముట్టగానే మల్లన వీపున శత్రువుల కావలివాడి బాణం దిగింది. ఆ గాయంతోనే మూడుదినాలకు రాజధాని చేరి, త్రిభువనదేవ మహారాజు చేతిలో కమ్మనూ తాళంచెవినీ పెట్టి ప్రాణం విడిచాడు. మంత్రికి సంకెళ్లు పడ్డాయి. మహారాజే సేనతో కదలి, మల్లన గోడ దిగిన పదునెనిమిదవనాడు ముట్టడి ఛేదించి గవని ముందుకు వచ్చి, మల్లన తాళంచెవిని పైనుంచి దించిన బుట్టలో తన చేత్తో ఉంచాడు.

బురుజు మీంచి కాచమ చిక్కిన గొంతుతో విన్నవించాడు. “మహాప్రభూ, నాయనమ్మ అర్చనలో ఉంది. అది ముగిసేదాకా మా తాళంచెవి పీట దిగదు.”

“ఏలినవారిని ఎండలో నిలబెడతారా?” అని దండనాయకుడు గుర్రుమన్నాడు.

మహారాజు ఏనుగు దిగి, గొడుగు పట్టేవాణ్ణి ఆవలికి పొమ్మన్నాడు. “ఆ కమ్మలో నా చేయి లేదని వారికెలా తెలుస్తుందయ్యా? నిలబడతాను.”

లోపల గంట మోగుతోంది. కాలే రాతిమీద పాదం మార్చుకొంటూ మహారాజు నిలుచున్నాడు.