రెండో సగం

“ఈ సాయంత్రం మంత్రిగారిని చంపబోతున్నారు,” అన్నాడు చీఫ్. “శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టేలోపే. ఏసీ గొట్టంలోంచి గ్యాస్. హాల్లో ఇంకెవరికీ తుమ్మైనా రాదు, ఆయన గుండె మాత్రం ఆగిపోతుంది. మనిషి జన్యువుల్ని, అదే జీన్స్‌ని బట్టి పనిచేసే గ్యాస్ అట. కానీ ఆయనకి ప్రమాదమేం లేదంటోంది మన ల్యాబ్.”

ఏజెంట్ తలెత్తాడు. “జీన్స్ ఒక్కొక్కటే చూశారా, జతలుగా చూశారా?”

“ఒక్కొక్కటే. ఎప్పుడూ అంతేగా?”

అంతే మరి. అతని కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్ ముందు కూడా అలాగే చూశారు. ఏ జీన్‌కి ఆ జీన్ సాధుజంతువే. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వచ్చి ఆ పసిదాని ఒంట్లో కలిశాయి. ఒక ఒరలో రెండు కత్తులు. మత్తుమందు ఇచ్చారు, పిల్ల మళ్ళీ లేవలేదు. రిపోర్టు మాత్రం నార్మల్. ఆ మాట వింటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“ఈసారి జతలుగా చూడమనండి సార్,” అని, పెట్టుడు మీసంతో ఏసీ మెకానిక్ వేషంలో బయల్దేరాడు.

సమావేశ భవనం మెట్ల దగ్గర ఎర్ర గౌనులో నిలబడి ఉంది డబుల్ ఏజెంట్. శత్రువుల జీతం తింటూ మనకి కబుర్లు చేరవేసే మనిషి. ఆమె నవ్వితే కాపలావాళ్ళు ఐడీ కార్డులు చూడటం మర్చిపోతారు.

“ఫిల్టర్ మార్చాలా?” అన్నాడతను. అది కోడ్.

“దుమ్ము పాతదే,” అని ఆమె గొంతు తగ్గించింది. “డాబా మీద చివరి యూనిట్. ఇంకో మాట. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? ఈ జీన్స్ జత వాళ్ళకి దొరికింది మీ పాప రక్తంలోనే. ఆసుపత్రి ల్యాబ్‌లోంచి ఆ శాంపిల్ దొంగిలించింది నేనే. ఎవరిదో అప్పుడు తెలీదండీ.”

అతని బిడ్డ చావుని ఆయుధంగా మార్చుకున్నారు. తిట్టడానికైనా టైం లేదు. మెట్లెక్కాడు.

చివరి యూనిట్ వెనక గ్యాస్ సిలిండర్, దానికో టైమర్. అది సున్నాకి వస్తుండగా ఏసీలోకి వెళ్ళే ట్యూబ్ పీకేశాడు. గ్యాస్ అతని ముఖం మీదికి బుస్సుమంది. చేతి వాచీలోని డిటెక్టర్ ఎర్రగా వెలిగింది. సిలిండర్‌ని కూతుర్ని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని డాబా చివరికి పరిగెత్తాడు. అది ఖాళీ అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు. ఖాళీ అయ్యాక కూడా వదల్లేకపోయాడు. అప్పుడొచ్చింది ఏడుపు.

కింద హాల్లో చప్పట్లు మోగాయి. మంత్రి సంతకం పెట్టేశాడు.

చీఫ్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. “నువ్వన్నదే నిజమయ్యా, మంత్రిగారికి రెండూ ఉన్నాయి! మరి అంత గ్యాస్ పీల్చావు, నీకేం కాలేదేంటి?”

“నా దగ్గర సగమే ఉంది సార్,” అన్నాడు ఏజెంట్, తడిసిన మీసం ఊడదీసుకుంటూ. “రెండో సగం మా ఆవిడ దగ్గరుంది. మేమిద్దరం కలిపి ఇచ్చింది ఒక్కదానికే.”