బిడ్డ రంగు తక్కువవుతుందట!

ఆరో నెల కడుపుతో వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయిన రేణుని ఆసుపత్రికి చేర్చాక, డాక్టర్ జయంతి రక్తపరీక్ష చూసి తల పట్టుకుంది.

"ఇంత పాలిపోయావేంటమ్మా! నీ ఒంట్లో ఫోలిక్ యాసిడ్ అడుగంటిపోయింది. అది లేకపోతే రక్తం సరిగ్గా తయారు కాదు. నీకే చాలకపోతే లోపలున్న బిడ్డకి ఎక్కణ్ణించి వస్తుంది? ఇలాగే సాగితే నెలలు నిండకుండానే..." ఆవిడ మాట మింగేసింది. "మాత్రలు వేసుకుంటున్నావా?"

"రెగ్యులర్‌గా తీసుకుంటోంది డాక్టర్!" పక్కనే ఉన్న మొగుడు రామమోహన్ తడుముకోకుండా చెప్పాడు. "రోజూ పాలకూర పప్పేనండీ మా ఇంట్లో!"

పాలకూర! ఆ సంబడం రేణుకే తెలియాలి. ఆర్నెల్లకని అమెరికాలో కొడుకుండే ప్లెయిన్స్‌బరో వచ్చిన అత్తగారు వర్ధనమ్మ, ఆదివారం రాగానే వారానికి సరిపడా ఆకుకూర ముందేసుకునేది. పచ్చగా కనబడాలని వంటసోడా వేసి, గుజ్జయ్యేదాకా ఉడకబెట్టి, ఆ నీళ్ళన్నీ సింకులో పారబోసి, మిగిలిన పిప్పిని ఐస్‌క్రీమ్ ఖాళీ డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టేది. రోజూ దాన్నే మళ్ళీ మళ్ళీ వేడిచేసి వడ్డన! సారమంతా పోయినా పచ్చదనం మాత్రం చెక్కుచెదరదు. ఆ ఇంట్లో దేనికైనా రంగే కదా ముఖ్యం!

ఇక మాత్రల సంగతి. ఐరనూ, ఫోలిక్ యాసిడూ కలిసిన ఆ నల్లటి మాత్రని చూడగానే వర్ధనమ్మ గుండెలు బాదుకుంది. "ఇది మింగితే బిడ్డ రంగు తక్కువవుతుందే! మా వంశంలో అందరూ పచ్చటి పసిమి!" అంటూ సీసా చెత్తబుట్టలో పడేసింది. ఆవిడ నలుపు పౌడరు కింద ఎంత భద్రంగా దాగుందో చూసే ధైర్యం ఆ వంశంలో ఎవరికీ లేదు.

పోనీ మొగుడేమైనా తెలియనివాడా? విటమిన్ మాత్రలు తయారుచేసే కంపెనీలో పెద్ద కెమిస్టు! పగలంతా తెల్లకోటు తొడుక్కుని వాటినే పరీక్షిస్తాడు. ఇంటికొచ్చి ఆ తెల్లకోటుతో పాటు తెలివినీ కొక్కేనికి తగిలించేస్తాడు. రేణు కన్నీళ్ళతో మొరపెట్టుకుంటే, "అమ్మ మనసెందుకు కష్టపెట్టడం? అడ్జస్ట్ చేసుకో రేణూ!" అన్నాడు. మహానుభావుడు!

ఇప్పుడూ కళ్ళతోనే సైగ చేస్తున్నాడు... మాట్లాడకు అని. అప్పుడే కడుపులో బిడ్డ మెల్లగా కదిలింది. రేణు డాక్టర్ వైపు తిరిగింది.

"అబద్ధం డాక్టర్ గారూ! ఒక్క మాత్రా మింగలేదు. అత్తయ్య పారేశారు. ఈయనకి అన్నీ తెలుసు!"

రామమోహన్ ముఖం మాడిపోయింది. వెనకే కూర్చున్న వర్ధనమ్మ భోరుమంది. "నీకేం తెలుసే నా బాధ! కాపురానికొచ్చిన రోజే మా అత్తగారు పదిమందిలో నన్ను కాకి అంది. చచ్చేదాకా అలాగే పిలిచింది! నా మనవలకా రాత వద్దనుకున్నానే..."

రేణుకి జాలేసింది. జాలి వేసినందుకు తనమీద తనకే ఒళ్ళుమండింది.

"మిమ్మల్ని ఏడిపించిన ఆవిడ మాటే పట్టుకుని, నా బిడ్డ నోటి దగ్గరది లాగేశారా అత్తయ్యా!"

డాక్టర్ మళ్ళీ రాసిచ్చిన మాత్రల చీటీని వర్ధనమ్మే అందుకుంది.

మర్నాటినుంచి మాత్రా, మంచినీళ్ళూ పట్టుకుని ఆవిడే రేణు మంచం దగ్గర నిలబడేది. ఆకుకూర ఏ పూటకాపూటే పప్పులో వేసి, కాస్త మగ్గగానే దించేసేది. ఆ గిన్నెలోంచి చుక్క నీళ్ళు కూడా సింకులోకి వంపలేదు. క్షమించమని నోరు తెరిచి అడగలేదు. రేణూ అడిగించుకోలేదు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. నిగనిగలాడే నలుపు... ఆసుపత్రి అదిరేలా ఏడుపు!

పూలగుత్తి పట్టుకుని గదిలోకొచ్చిన రామమోహన్ పిల్లని చూసి, నసుగుతూ అన్నాడు. "కొంచెం... కలర్ తగ్గినట్టుంది కదమ్మా?"

"నోరు ముయ్యరా!" వర్ధనమ్మ అరుపుకి నర్సు తిరిగి చూసింది. "నా రంగురా ఇది! నా పోలిక! పుష్టిగా పుట్టిందని సంతోషించడం చేతకాదూ నీకు?" అంటూ పిల్లని గుండెకి అదుముకుంది. ఆవిడ చెంపల మీద పౌడరు కన్నీళ్ళకి చారలు కట్టింది. ఆవిడ తుడుచుకోలేదు.

ఆ ఇంట కాలుపెట్టాక మొదటిసారి రేణు మనసారా నవ్వింది. కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేసింది.

"నిలబడ్డారేం అత్తయ్యా? ఇలా వచ్చి కూర్చోండి."

రామమోహన్‌ని మాత్రం ఎవరూ కూర్చోమనలేదు.