లోరీన్ పేరున వచ్చిన కవర్లు

ఆ ఉదయం కూడా పోస్టులో లోరీన్ పేరున ఒక కవరు వచ్చింది. హార్లన్ దాన్ని విప్పకుండా బ్రెడ్డు పెట్టుకునే రేకు డబ్బాలో వేశాడు. భార్య పోయి పద్నాలుగు నెలలైంది. ఆమెకు వచ్చిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి.

కాఫీ తాగుతున్న కొడుకు కీత్ చూశాడు.

"విప్పి చూడొచ్చుగా నాన్నా?"

"మీ అమ్మవిరా. ఒకళ్ళ ఉత్తరాలు నేను విప్పను."

"బాగుంది. అమ్మొచ్చి చదువుతుందా?" అంటూ కీత్ టౌన్లో ఫైర్ స్టేషన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పదింటికి పెరట్లో ఆకులు తగలబెట్టిన పీపాలోంచి ఒక రవ్వ ఎగిరి షెడ్డు అంటుకుంది. షెడ్డు నుంచి వంటగదికి పాకింది. హార్లన్ చేసిన ఫోన్‌కి ఫైరింజను రాలేదు. పక్కింటి ఒడెస్సా చేస్తే వచ్చింది. వచ్చి ఆమె కంచెనే తడపసాగింది.

"మా ఇల్లయ్యా!" హార్లన్ అరిచాడు.

ఫైరింజను కెప్టెన్ జాబితా చూసి తల అడ్డంగా ఊపాడు. "టౌను బయట ఇళ్ళకి ఏటా చందా కట్టాలి కదండీ. ఈసారి మీది లేదు. ఇప్పుడు కడతానన్నా కుదరదు."

"చందా కాగితం రాలేదా నాన్నా?" అదే ఇంజను దిగి వచ్చిన కీత్ అడిగాడు.

"మీ అమ్మ పేరున వచ్చుంటుంది. అవి విప్పితే ఆమె నిజంగా పోయినట్టేనని..."

"ప్రాణాలకైతే చందా అడగం," అన్నాడు కెప్టెన్. "లోపల ఎవరైనా ఉన్నారా?"

కీత్ తండ్రి చెవి దగ్గరికి వంగాడు. "ఉన్నారని చెప్పు నాన్నా. ఒక్క మాట చాలు, నీళ్ళు కొడతారు. లోపలికి నేనే వెళ్తా."

లోపల లోరీన్ కుట్టిన దుప్పట్లున్నాయి. ఆమె కళ్ళద్దాలున్నాయి. పొగ ముసుగు బిగించుకుంటున్న కొడుకు చేతుల వంక హార్లన్ చూశాడు.

"ఎవరూ లేరు."

"నాన్నా!"

"ఖాళీ ఇల్లు కెప్టెన్."

కప్పు కూలింది. "అమ్మ మిగిల్చిందంతా పోయింది!" కీత్ ఏడ్చాడు.

"అంతా పోలేదురా," అన్నాడు హార్లన్, వాడి భుజం పట్టుకుని. "అబద్ధమాడి నిన్ను అందులోకి పంపమంటావా?"

కీత్ ముసుగు లాగేసి తండ్రి మెడ మీద వాలిపోయాడు.

"కెప్టెన్!" ఒడెస్సా గట్టిగా పిలిచింది. "నా కంచె ఇంకా కాలుతోంది. అదిగో, గులాబీ అల్లుకున్న చోట. చందా కట్టినదాన్ని, బాగా తడపండి!"

లోరీన్ తమ గేటు వైపు నాటితే ఆ కంచె మీదికి పాకిన గులాబీ అది. కీత్ కళ్ళు తుడుచుకుని గొట్టం అందుకున్నాడు. హార్లన్ కంచె పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆకుల మీంచి జారిన నీళ్ళు అతని బూట్లను తడిపాయి.