పేరు చూడని సంతకం

లా ఆఫీసరుగారి ఉద్యోగం వినడానికి చిన్నదే. పరాయి దేశంలో తలదాచుకున్న మనిషిని, మన సర్కారు అక్కడికే మనుషుల్ని పంపి లేపేస్తే చట్టానికి సరిపోతుందా లేదా... ఆ ఒక్క ముక్కా రాసి సంతకం పెట్టాలి, అంతే. ఫైల్లో ఆ మనిషి నేరాలు, ఊరు ఉంటాయి. పేరూ ఫోటో మాత్రం లక్క వేసిన కవర్లో ఉంటాయి. పేరు చూస్తే జాలి పుడుతుందనో, పగ పుడుతుందనో పెద్దలు పెట్టిన పద్ధతి అది. సంతకం అయ్యాక కవరు విప్పి చూడొచ్చు. ఈయన అప్పుడు కూడా విప్పేవాడు కాదు. "మనకెందుకొచ్చిన గొడవ" అని పైకి పంపేసి, ఇంటికెళ్లి గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

ఆ మధ్యాహ్నం టైపిస్టు పేపరు తెచ్చి బల్ల మీద పరిచింది.

"సార్, పోయిన నెల మన ఫైల్లో ఉన్న ఊరే ఇది. గడియారాలు బాగుచేసేవాడట. భోజనం చేస్తుంటే ఇల్లు పేలిపోయింది. పక్కన కూర్చున్న భార్య కూడా పోయింది."

"పక్కన కూర్చోమని మనం చెప్పామా అమ్మాయ్?"

"పట్టుకుని కోర్టులో నిలబెట్టొచ్చుగా? వాళ్ల దేశానికీ ఓ చట్టం ఉంటుంది కదా సార్."

"కోర్టులో నిలబెడితే మాట్లాడతాడమ్మా!" అని తన జోకుకు తానే పకపకా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. టీకి వెళ్లిపోయింది.

గదిలో ఆయనొక్కడే మిగిలాడు. పైన ఫ్యాను గరగరలాడుతోంది. తెరలు దించి ఉండటంతో పట్టపగలే మసక. ఎక్కడినుంచో కాలిన జుట్టు వాసన సన్నగా వస్తోంది. క్యాంటీన్లో ఎవరో పొయ్యి మీద ఏదో మరిచిపోయారనుకున్నాడు.

చూస్తే బల్ల మీద ఇంకో ఫైలు. ఎవరు పెట్టారో తెలీదు. అట్ట వెచ్చగా ఉంది. తెరిచి చదివాడు.

'నిరాయుధులైన ఇద్దరిని విచారణ లేకుండా చంపించాడు. అతని దేశం అతన్ని శిక్షించదు. మళ్లీ చంపిస్తాడు. ఆ దేశం అనుమతి అడగాలా? పక్కనున్నవాళ్లు పోతే ఎలా?'

చేయి తిరిగిన మనిషాయె. చకచకా రాసేశాడు. 'అడగనక్కర్లేదు. పక్కవాళ్లు పోవడం తప్పనిసరైతే తప్పు లేదు. అభ్యంతరం లేదు.' కింద సంతకం గిలికాడు.

సిరా ఆరలేదు. కవరు మీది లక్క దానంతటదే టప్పున పగిలింది.

ఫోటో జారిపడింది. ఆ ఇల్లు తనది. ఆ కంచం తనది. అన్నం ముందు కూర్చున్నది... తనే. పక్కన భార్య.

ఫైలు ఏ దేశం నుంచి వచ్చిందో రాసేచోట అక్షరాలు లేవు. రెండు మసి వేలిముద్రలు... ఒకటి మగవాడిది. ఒకటి, పక్కనే, సన్నగా.

రాసింది కొట్టేయబోయాడు. కలం జారిపోయింది. చించబోయాడు. కాగితం చిరగలేదు.

చెవి పక్కనే పొగచూరిన గొంతు. "నేను మాట్లాడకూడదుగా... మాట్లాడను. నువ్వు రాసిందే చేస్తాను."

గిర్రున తిరిగాడు. ఎవరూ లేరు.

భార్యకు ఫోను చేశాడు. "ఎక్కడున్నావ్? నా దగ్గరికి మాత్రం రాకు! మీ అన్నయ్యగారింటికి వెళ్లిపో!"

"అదేంటండీ, రమ్మని కబురంపింది మీరేగా?" ఆవిడ నవ్వుతోంది. "మీ ఆఫీసాయనే దగ్గరుండి తీసుకొచ్చాడు. పాపం, చొక్కా అంతా మసి. సంతకం అయిపోయిందమ్మా, మీరు పక్కన కూర్చోవడమే తరువాయి అన్నాడు."

ఆ మాటలు ఫోన్లోనూ... తలుపు బయటా... ఒక్కసారే వినిపించాయి.

ఆవిడ లోపలికొచ్చింది. కుర్చీ లాక్కుని, ఆయన పక్కనే కూర్చుంది. వెనకాల తలుపు మెల్లగా మూసుకుంది.

"లే... బయటికి పద!" ఆవిడ చేయి పట్టుకుని తలుపు మీదికి ఉరికాడు. లాగాడు. రాలేదు.

లోపలి గడియ పడి ఉంది. ముట్టుకుంటే చేయి కాలింది.

పదేళ్లుగా ఆయన కూర్చుంటున్నది ఈ గదిలోనే. ఈ తలుపుకు లోపల గడియ అనేదే లేదు.