సగం చదివిన మెసేజ్

ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళకి ఖాళీ జాగా కనబడితే చేతులు ఊరుకోవు. ఆ విషయంలో వన్‌టౌన్‌లోని ఇర్ఫాన్ ప్రింటింగ్ షాపు మరీ ఘోరం. పుట్టినరోజైనా, ఓణీల ఫంక్షనైనా, ఫోటో పక్కన జానెడు చోటు మిగిలితే అక్కడొక నెమలి, నెమలి పక్కన గులాబీలు, వాటి మీద బెలూన్లు పడాల్సిందే. ఖాళీ వదిలేస్తే పని ఎగ్గొట్టామని కస్టమర్ అనుకుంటాడని ఇర్ఫాన్ భయం.

అలాంటి షాపుకి వచ్చి ఫాయిజా ఖాళీ జాగా ఎక్కువగా ఉండే పుస్తకాలు కొట్టమంది. గాజువాకలో ఆమె ఒక సెంటర్ నడుపుతోంది. తెలివికి ఏ లోటూ లేకపోయినా అక్షరాలు మాత్రం కళ్ళ ముందు నిలవని పిల్లల కోసం. వాళ్ళ వర్క్‌బుక్కులకి మీగడ రంగు కాగితం కావాలి, పెద్ద అక్షరాలు కావాలి, వరసకీ వరసకీ మధ్య వేలు పట్టేంత ఎడం కావాలి, పేజీకి ఐదు మాటలకి మించకూడదు. వేలితో తడిమి నేర్చుకోడానికి గరుగ్గా ఉండే ఉప్పు కాగితంతో కత్తిరించిన అక్షరాల కార్డులు కూడా కావాలంది. ఇర్ఫాన్ అన్నిటికీ తల ఊపాడు.

వారం తర్వాత వచ్చి చూస్తే ప్రతి పేజీలోనూ నెమలి ఉంది. అట్ట మీద ఫాయిజా ఉంది, వార్డు ఎన్నికల్లో నిలబడినట్టు చేతులు జోడించి. మొహం ఆమె వాట్సాప్ డీపీలోంచి తీసిందే, చేతులు మాత్రం ఆమెవి కావు.

“ఏటండీ ఇది?” అంది ఫాయిజా.

“ఖాళీగా ఉంటే బాగోదని, మేడం.”

“నాను అడిగిందే ఆ ఖాళీ. అది సరే, ఈ చేతులెవరివి?”

“మొన్న ఒక కార్పొరేటర్ గారివి, మేడం. మంచి చేతులు.”

ఆ మంచి చేతులతోనే ఇర్ఫాన్ రెండు చెంపలూ వాయించాలనిపించిందని ఆమె తర్వాత చాలాకాలానికి చెప్పింది. అప్పటికి మాత్రం మొత్తం మళ్ళీ కొట్టమనీ, ఇకనుంచి తను చూడందే ఒక్క పేజీ కూడా మిషన్ ఎక్కకూడదనీ ఆర్డరేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది. అలా వారానికి మూడు సాయంత్రాలు ఆమె షాపుకి రావడం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఊరందరి పెళ్ళి కార్డులూ అచ్చేసే ఇర్ఫాన్‌కి చదవడం రాదు. బడికి వెళ్ళకపోవడం వల్ల కాదు, పదేళ్ళు వెళ్ళాడు. వాడి కళ్ళకి అక్షరాలు సంతలో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకునేవి. వాడి టీచర్లు దానికి కనిపెట్టిన వైద్యం బెంచీ ఎక్కించడం. పదేళ్ళ పాటు క్లాసులో అందరికంటే ఎత్తులో నిలబడి, చదువు తప్ప అన్నీ చూశాడు.

షాపులో టైపింగ్ అంతా స్నేహితుడు సాయిశంకర్ చేస్తాడు. రంగులూ, కొలతలూ, మిషనూ ఇర్ఫాన్ చూసుకుంటాడు. ప్రూఫ్ వచ్చిందంటే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని, కస్టమర్‌నే పైకి చదవమంటాడు. ఇంత జాగ్రత్త ఏ షాపులోనూ లేదని వన్‌టౌన్ అంతా పేరు. వాడికి అసలు కళ్ళజోడే లేదని ఎవరికీ తట్టలేదు.

మరి ఫాయిజా? ఆరేళ్ళ పిల్లలు పుస్తకం పట్టుకున్న తీరు చూసి ఐదు నిమిషాల్లో సంగతి చెప్పగలదు. ట్రైనింగుల్లో టీచర్లకి క్లాసులు పీకుతుంది. అంతటి మనిషి మూడు నెలలు వాడి ఎదురుగా కూర్చుని ఏమీ కనిపెట్టలేకపోయింది. తను పేజీడు మెసేజ్ పెడితే వాడి దగ్గర్నుంచి ఎప్పుడూ ఒక బొటనవేలు బొమ్మే వచ్చేది. మొదటి నెల తీరిక లేదేమో అనుకుంది. రెండో నెల పొగరు అనుకుంది. మూడో నెలకి, తక్కువ మాట్లాడే గంభీరమైన మనిషి అని తేల్చుకుని మనసు పారేసుకుంది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే బస్సులు కదల్లేదు. ఇద్దరే షాపులో ఉన్నారు. వాడు శుభ్రంగా ఉన్న మిషన్‌నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఆమె చదివేసిన ప్రూఫ్‌నే మళ్ళీ మళ్ళీ చదివింది. వానకి బుద్ధి ఉంది కాబట్టి ఇంకో గంట కురిసింది, వీళ్ళకి లేదు కాబట్టి ఒక్క మాటా అనుకోలేదు.

ఈలోగా ఇర్ఫాన్ దొంగతనంగా ఇంకో పని చేస్తున్నాడు. మధ్యాహ్నం షట్టర్ సగం దించి, అచ్చులో పాడైన వర్క్‌బుక్ ముందు పెట్టుకుని, ఉప్పు కాగితం అక్షరాల మీద వేలు పెట్టి తిప్పుతున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి ఒక మాట వాడి కోసం కదలకుండా ఆగింది. చిన్న చిన్న మాటలు కూడబలుక్కునేదాకా వచ్చాడు. ఏమీ రాని రోజుల్లో ఎవరినో ఒకరిని అడిగేవాడు. ఇప్పుడు కొంచెం వచ్చింది, కొంప అక్కడే మునిగింది.

ఒక గురువారం ఆమె దగ్గర్నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. ఆర్డర్ మెసేజ్‌లైతే సాయిశంకర్‌కి చూపించేవాడు. కానీ దీని మొదట్లో తన పేరు ఉంది, పక్కన ‘గారు’ లేదు. అలాంటి మెసేజ్ ఎవరికైనా ఎలా చూపిస్తాడు? తనే వేలు పెట్టి చదివాడు. ‘ఆదివారం’ దొరికింది. ‘నాలుగు’ దొరికింది. ‘ఇంటికి’, ‘పది మంది’ దొరికాయి. మిగతాదంతా మళ్ళీ సంత. ఆదివారం నాలుగింటికి పది మంది పిల్లలకి పుస్తకాలు ఇంటికి తెమ్మంటోందని అర్థం చేసుకుని, సొంతంగా చదివానన్న గర్వంతో బొటనవేలు పంపించాడు.

ఆదివారం నాలుగింటికి రెండు భుజాల మీద రెండు కట్టలతో గాజువాకలో ఆమె ఇంట్లోకి నడిచాడు. హాల్లో నిజంగానే పది మంది ఉన్నారు. అందరూ పట్టుబట్టలు కట్టుకున్న పెద్దవాళ్ళు. మధ్యలో పెళ్ళిచూపులకి వచ్చిన ఫారూఖ్ అనే పెళ్ళికొడుకు. ఒక పెద్ద ప్రైవేటు స్కూలుకి ఇన్‌ఛార్జి. ఫాయిజా మెచ్చుకుంటుందనే నమ్మకంతో, తమ స్కూల్లో స్లో లెర్నర్స్ ఒక్కరు కూడా ఉండరనీ, ముందే టెస్ట్ పెట్టి తీసేస్తామనీ చెబుతున్నాడు.

“పది సెట్లు తెచ్చాను, మేడం. పిల్లలేరండీ?” అన్నాడు ఇర్ఫాన్.

పది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫాయిజా లేచి వాణ్ణి బాల్కనీలోకి లాక్కుపోయింది.

“ఏటి, ఏళాకోళమా? నాను రాసిందంతా సదివి బొటనవేలు పెట్టారు. అది సాలక, ఇప్పుడు తమాషా సూడ్డానికి వచ్చారా?”

కళ్ళజోడు మర్చిపోయాననే మాట నాలుక చివరే ఉంది. చాలా ఏళ్ళుగా తనని కాపాడిన మాట. కానీ ఈరోజు ఆ మాట అంటే, ఆమె వెనక్కి తిరిగి ఆ హాల్లోకి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి ఇంక రాదు. ఆ సంగతి చదువు లేకుండానే వాడికి అర్థమైంది.

“సదవలేదు. నాకు సదవడం రాదు, మేడం. మీ పిల్లల్లాగే.”

కళ్ళజోడూ, పైకి చదివించడాలూ, బొటనవేళ్ళూ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఫాయిజా మొహం ఎర్రబడింది.

“ఆరేళ్ళ పిల్లల్లో ఐదు నిమిషాల్లో కనిపెట్టేస్తాను నాను,” అంది.

“నాకు ఇరవై తొమ్మిది కదండీ.”

నవ్వొచ్చింది ఆమెకి, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. వాడు ఫోన్ తీసి ఆ మెసేజ్ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

“ఏటి రాసారో మీరే సదివి ఇనిపించండి.”

పైకి చదవడానికి సిగ్గెందుకని రోజూ పిల్లల్ని మందలించే టీచరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత మాట మాటకీ ఆగుతూ, మెల్లగా చదివింది.

“ఇర్ఫాన్, ఆదివారం నాలుగు గంటలకి నన్ను చూసుకోడానికి మా ఇంటికి పది మంది వస్తున్నారు. సంబంధం మంచిదే అంటున్నారు. నాకు మాత్రం మీ షాపులో కూర్చుని, మీరు మిషన్ తుడుస్తుంటే చూడటమే బాగుంది. మీకు నా మీద ఏమీ లేకపోతే సరే అనండి, ఒప్పేసుకుంటాను. ఉంటే వద్దనండి. ఒక్క మాట చాలు.”

ఆ బొటనవేలుతో తను ‘సరే’ అన్నాడన్నమాట. ఇర్ఫాన్ బాల్కనీ చువ్వ గట్టిగా పట్టుకున్నాడు.

“వద్దు,” అన్నాడు. “వద్దు, ఫాయిజా. నువ్వంటే నాకు పేణం.”

గుమ్మంలో గ్లాసుల చప్పుడైంది. ఫాయిజా తండ్రి కరీం బాషా, స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి, టీ ట్రే పట్టుకుని ఎంతసేపట్నుంచో అక్కడే నిలబడి ఉన్నాడు. కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకుంది గానీ వాడి పక్కనుంచి జరగలేదు. కరీం బాషా ఇర్ఫాన్‌ని పైనుంచి కిందదాకా చూసి, షాపు సొంతమేనా అని అడిగాడు. సొంతమేనన్నాడు వాడు.

“పదో క్లాసు నాను మూడుసార్లు తప్పాను, బాబూ,” అన్నాడు కరీం బాషా, హాలు వైపు చూస్తూ. “ఆ అబ్బాయి స్కూల్లో అయితే నన్నూ తీసేద్దురు. మీరిద్దరూ ఇక్కడే ఉండండి. ఆళ్ళు టీ తాగేక ఈ సంబంధం వద్దని నాను సెప్తాను.”