అక్క పొలంలో చొప్ప

ఆరో ఆవు కింద బాల్చీ పెట్టి కూర్చున్నప్పుడు పాలాయనకు గేటు చప్పుడు వినిపించింది. పాల వ్యాను రావడానికి ఇంకా అరగంట టైముంది. ఎవరా అని తల తిప్పి చూస్తే అక్క. చెప్పకుండా రావడం ఆమెకు అలవాటు లేదు. పట్నంలో ఆమెకు చిన్న కుట్టు దుకాణం ఉంది, అక్కడ అందరికీ ఆమె టైలరమ్మ. ఈపాటికి దుకాణానికి బయల్దేరాల్సిన మనిషి, మెడలో కొలత టేపుతో, చీలమండల దాకా మట్టితో పశువుల పాకలో నిలబడి ఉంది.

"ఏంటక్కా ఇంత పొద్దున్నే? బావ బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు. పొలం మీదుగా వచ్చాను."

"కూర్చో, ఇది పితికేసి వస్తా."

"కూర్చోడానికి రాలేదు రా."

ఆ మాట తీరుకే అతని చేతులు ఆగిపోయాయి.

తండ్రి పోయాక పొలం ఇద్దరికీ చెరి సగం వచ్చింది. మధ్యలో ఒక గట్టు. అక్కకు దుకాణం వదిలి సేద్యం చేసే వీల్లేదు. అందుకని ఆమే ఒక ఒప్పందం చెప్పింది. తన సగం కూడా తమ్ముడే దున్ని, విత్తి, నీళ్ళు పెడతాడు. మొక్కజొన్న గింజ అంతా అక్కది. అతని కష్టానికి బదులు, కంకులు కోశాక మేతకు మిగిలే చొప్ప అంతా అతనిది. అప్పటికి పాకలో మూడు ఆవులు. అక్క పొలం చొప్ప తోడయ్యాక అవి పదకొండయ్యాయి. తొమ్మిదేళ్ళుగా ఆ ఒప్పందం మీద ఒక్క మాట అటూ ఇటూ అవలేదు.

వంటగదిలో అతని భార్య టీ గ్లాసులు పెట్టింది. సెలవు మీద ఇంటికి వచ్చిన కూతురు పండు, తల దువ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చి అత్తను చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"మొదట్లో నా పొలంలో ఎన్ని బస్తాలు వచ్చేవి?" అంది అక్క.

"నలభై పైనే."

"పోయినేడు?"

"పద్ధెనిమిది. నేల అలిసిపోయిందేమో అని అప్పుడే చెప్పాను కదక్కా."

"గట్టుకు ఇవతల నీ నేల ఎందుకు అలిసిపోలేదు? పడే వాన ఒక్కటే. బోరు ఒక్కటే. విత్తనం ఒక్కటే. చేసే మనిషివి నువ్వొక్కడివే. నీ పక్క ఒక్క బస్తా తగ్గలేదు. మరి నా కంకులు ఎక్కడికి పోతున్నాయి?"

పాలాయన చేతిలో గ్లాసు ఒరిగింది. వేడి టీ పాదం మీద పడుతున్నా అతనికి తెలియలేదు. భార్య వచ్చి గ్లాసు అందుకుంటే అప్పుడు కిందికి చూశాడు.

"వదినా, ఏమంటున్నారో తెలిసే అంటున్నారా?" అంది ఆమె. "మీ పొలంలో నీళ్ళు కట్టడానికి వెళ్ళి ఈయన రెండుసార్లు పాము మీద కాలేసి వచ్చారు. మీ గింజ మీ గుమ్మంలో దించి, మీ ఇంట మంచినీళ్ళు తాగి తిరిగొచ్చారు. అంతకు మించి ఏం తెచ్చుకున్నారని?"

"అది వాణ్ణి చెప్పనీ అమ్మాయ్."

పాలాయన పాదం మీది టీని తువ్వాలుతో తుడుచుకున్నాడు. తనను చిన్నప్పుడు చంకనెత్తుకుని బడికి తీసుకెళ్ళిన అక్క నోటి నుంచి ఆ మాట వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

"వచ్చే పంటకి పొలం వేరే ఆయనకి కౌలుకిస్తున్నా. మాట కూడా ఇచ్చేశాను," అంది అక్క లేస్తూ.

పండు దారికి అడ్డంగా నిలబడింది. ఆమె భూసార పరీక్షా కేంద్రంలో పనిచేస్తోంది. రోజూ ఊళ్ళోవాళ్ళ మట్టి పరీక్షించే పిల్లకు, తమ మట్టి సంగతి ఏనాడూ ఆలోచించలేదని అప్పుడే తట్టింది.

"పది రోజులు ఆగత్తా. రెండు పొలాల మట్టీ పరీక్ష చేయిద్దాం."

"చేసేది నువ్వేగా."

పండు ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "నేను ముట్టుకోను. సంచుల మీద ఒకటీ రెండూ అని అంకెలు నువ్వే వెయ్యి. ఏది ఎవరిదో నీకొక్కదానికే తెలుస్తుంది. పరీక్ష మా మేడమ్ చేస్తారు."

అక్క ఒప్పుకుంది. అత్తా మేనకోడలూ పార తీసుకుని వెళ్ళారు. పాలాయన వెళ్ళలేదు.

అతని సగంలో పార మెత్తగా దిగింది. మట్టి వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. గట్టు దాటాక అదే పార టంగుమని ఎగిరింది. పది చోట్ల జానెడు లోతు గుంటలు తీసేసరికి పండు అరచేతులు బొబ్బలెక్కాయి. టైలరమ్మ ఒక మొక్క ముందు వంగింది. కింది ఆకుల అంచులు ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు మాడి ఉన్నాయి. కంకి ఒకటి విరిచి పొట్టు ఒలిచింది. కింది సగంలో గింజలున్నాయి. కొస మొత్తం బోడిగా ఉంది. ఇంకొకటి ఒలిచింది. అదీ అంతే. మూడోది ఒలవబోయి చేయి వెనక్కి తీసుకుంది.

మొక్క మొక్కకూ కంకి ఉంది. ఎవరూ కోసుకెళ్ళలేదు.

ఆమె ఆ సంగతి పైకి అనలేదు. సంచులు కట్టి, అంకెలు వేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ పది రోజులూ పాలాయన అక్కకు ఫోను చేయలేదు. పాలు పితికాడు, వ్యానుకు పోశాడు, అన్నం ముందు కూర్చుని సగంలో లేచాడు. "దొంగ అందే నన్ను," అని ఒకసారి భార్యతో అన్నాడు. "అనలేదు కదండీ ఆ మాట," అంది ఆమె. "అనకుండానే అంది." మట్టి సంగతి తేలితే అక్క తలెత్తలేదనీ, తను మాత్రం ఆ గుమ్మం మళ్ళీ ఎక్కననీ మనసులో తీర్మానించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ముందు గదిలో కూర్చున్నారు. పండు కాగితాలు విప్పింది.

"ఒకటో సంచి. అన్నీ సరిపడా ఉన్నాయి. సేంద్రియ కర్బనం కూడా బాగుంది." రెండో కాగితం మీది అంకెలు రెండుసార్లు చూసుకుంది. "రెండో సంచిలో పొటాష్ ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. గంధకం తక్కువ. కర్బనం సగమే. ఇంత తక్కువ నేనెప్పుడూ చూడలేదు."

"రెండోది నాదే," అంది అక్క మెల్లగా.

"నేను ఎరువులో తేడా చేశానంటారా?" అన్నాడు పాలాయన. ఇన్నాళ్ళకు గొంతు లేచింది. "యూరియా అయినా డీఏపీ అయినా రెండు పక్కలా సమానంగా వేశాను. కొట్లో అడగండి. పొటాష్ ఎక్కడా వెయ్యలేదు, ఈ నేలకి అక్కర్లేదనేవాళ్ళు."

"నిజమే నాన్నా. అప్పుడు అక్కర్లేదు." పండు కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. అంతవరకు గబగబా మాట్లాడిన పిల్ల ఇప్పుడు ఒక్కో మాటా తడుముకుంది. "మొక్క లాక్కున్న పొటాష్‌లో గింజలోకి వెళ్ళేది కొంచెమే. ఎక్కువంతా చొప్పలో ఉంటుంది. అత్త చొప్ప మనం ఏం చేస్తాం?"

"ఏం చేస్తాం, గొడ్లకి వేస్తాం."

"ఆ పెంట ఎక్కడికి తోలతావు?"

"ఇంకెక్కడికి? మన..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది.

భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పండు తండ్రి ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగింది. తొమ్మిది పంటల చొప్ప అతని కళ్ళ ముందు కట్టలు కట్టలుగా గట్టు దాటింది. ఆ బండ్లన్నీ తనే తోలాడు. ఒక్క ఆకు వదలకుండా, పొలం ఊడ్చినట్టు శుభ్రంగా ఉందని మురిసిపోతూ తోలాడు. తిరిగి ఆ వైపుకు ఒక్క తట్ట పెంట కూడా వెళ్ళలేదు.

"మనకి తెలియదు కదా నాన్నా," అంది పండు.

"తెలుసు," అన్నాడతను.

అక్క తలెత్తింది.

"ఈ పొటాషూ అదీ తెలియదక్కా. కానీ నాలుగేళ్ళ కిందట ఇది చెప్పింది," అని భార్యను చూపించాడు. ఆమె వద్దన్నట్టు తలూపింది. అతను ఆగలేదు. "వదిన పొలం వెలవెలబోతోంది, రెండు ట్రక్కుల పెంట అటు వెయ్యండి అంది. చూద్దాంలే అన్నాను. ఆ ఏడు నిండు ట్రక్కు తోలుకుంటూ గట్టు దాకా వచ్చాను కూడా. అవతలికి తిప్పాలంటే చుట్టూ తిరగాలి. బద్ధకమేసి నా పొలంలోనే దింపేశాను. ఆ తర్వాత మళ్ళీ గుర్తు చేసుకోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి గుర్తుకు రాలేదు."

అతను లేచి పాకలోకి వెళ్ళిపోయాడు. అక్క, తమ్ముడు దొంగ కాదని తేలితే క్షమాపణ ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ మాటలు దేనికీ సరిపోలేదు. లేచి అతని వెనకే వెళ్ళింది.

పాలాయన ఆవులకు మేత వేసే గాడి అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. ఎవరో చెంప మీద కొడితే ఇంకా తేరుకోని వాడిలా ఉన్నాడు.

"పెరిగిన ఈ ఎనిమిది ఆవులూ నీ పొలం తిన్నాయక్కా. పండు చదువూ ఆ పాల మీదే నడిచింది. ఆ పిల్ల చేతే ఆ కాగితం చదివించావు."

"నేను చదివించలేదు రా. అదే చదివింది. అందుకు దాన్ని మెచ్చుకో." అక్క పక్కనే కూర్చుంది. "నీ గుమ్మంలో నిలబడి కంకులు ఏవని అడిగాను. తర్వాత మట్టి తవ్వుతున్నప్పుడే తెలిసింది, ఒక్క కంకీ పోలేదని. ఆ సాయంత్రమే నీకు ఫోను చెయ్యాల్సింది. ఓడిపోతానేమో అని చెయ్యలేదు. పది రోజులు నువ్వు తినలేదట."

"తినకపోవడమే మంచిదైంది."

"నోర్ముయ్."

అతను గాడిలో మిగిలిన మేతను చేత్తో ఒక పక్కకు నెట్టాడు. "నువ్వు మాటిచ్చిన ఆయనకే పొలం ఇచ్చెయ్యి అక్కా. నాకు ఆ పొలంలో అడుగు పెట్టే మొహం లేదు."

అక్క జవాబు చెప్పకుండా ఇంట్లోకి కేకేసింది. "పండూ, ఇది బాగుపడటానికి ఎన్నాళ్ళు పడుతుందే?"

పండు పాక గుమ్మం దాకా వచ్చింది. "పొటాష్ బస్తాలు వేస్తే పైరు వచ్చే పంటకే తేరుకుంటుంది. మట్టి మాత్రం తొందరగా తేరుకోదత్తా. ఏటా సగం చొప్ప అక్కడే నరికి కలిపెయ్యాలి. పెంట తోలాలి. ఎనిమిదేళ్ళో, పదేళ్ళో."

"సగం చొప్ప అక్కడ వదిలేస్తే ఇన్ని ఆవులకు మేత చాలదు," అంది వెనకే వచ్చిన భార్య. అన్నాక భర్త వైపు కాకుండా వదిన వైపు చూసి, "నాలుగు అమ్మేద్దాం వదినా. పొద్దున్నే నాకూ నడుం నొప్పి తగ్గుతుంది," అంది. నవ్వబోయింది, కళ్ళు నిండాయి.

అక్క ఆమె చేయి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"విన్నావుగా. మాటిచ్చిన ఆయనకి నేను సర్ది చెప్పుకుంటా. కౌలుకి వచ్చేవాడు ఒక పంట చూసుకుంటాడు, రెండు చూసుకుంటాడు. పదేళ్ళు ఎవడు చూస్తాడు? నువ్వు ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. తీసుకెళ్ళిందంతా తెచ్చి పెట్టేదాకా ఆ పొలం నువ్వే చెయ్యాలి. ఆ తర్వాత కూడా నువ్వే చెయ్యాలి."

పాలాయన చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పది రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అక్క అతని వీపు మీద చేయి వేసి, ఆపమని అనకుండా కూర్చుంది.

కోత అయ్యేదాకా అక్క పొలం అంచున పెంట పోసి ఉంచుదామని, సాయంత్రం నాలుగు దాటాక పెంటకుప్ప దగ్గర ట్రాక్టరు స్టార్టయింది. మొదటి ట్రక్కు నిండేసరికి టైలరమ్మ కూడా ఎక్కి తమ్ముడి పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. అతను గట్టు దాకా వచ్చి, ఆగకుండా, దూరమైన ఆ చుట్టుదారిలోకి స్టీరింగు తిప్పాడు.